మహేంద్రతనయ చిన్న నదే కదా, ఏటి పక్కన స్థలం కొనొచ్చా?

"వేసవిలో నీళ్లే ఉండవు, చిన్న నది, పర్లాకిమిడిలో ఏటి పక్కన స్థలం కొంటే భయమా?" అని అడిగారు. నేను పుట్టి పెరిగింది ఆ ఏటి ఒడ్డునే. చిన్నది కాబట్టే భయపడాలంటాను.

ముందు ఒక మాట. మహేంద్రతనయలు రెండున్నాయి. ఒకటి మహేంద్రగిరి నుంచి తూర్పుకి దిగి, సోంపేట మండలం బారువ దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది. మాది రెండోది. ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో పుట్టి, పర్లాకిమిడి మీదుగా ఆంధ్రాలోకి దిగి, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. మా నీళ్లు సముద్రం చేరేది కళింగపట్నం దగ్గర. నెట్‌లో చాలామంది బారువ ఫొటో పెట్టి పర్లాకిమిడి ఏటి కథ రాసేస్తారు. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

గోదావరి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. భద్రాచలంలో నీటిమట్టం చూసి ధవళేశ్వరం వాళ్లు సర్దుకుంటారు. మాకు ఆ టైమ్ ఎక్కడిది? మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. అక్కణ్ణుంచి సముద్రం సూటిగా పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. బంగాళాఖాతం తడిగాలి ఆ కొండలకి తగిలి పైకి లేచి అక్కడే కురిసేస్తుంది. గెడ్డలన్నీ, అంటే కొండవాగులన్నీ, ఒక్కసారే ఏట్లో పడతాయి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాం. గాలి తగ్గగానే గండం గడిచిందని అమ్మ పొయ్యి వెలిగించింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మావయ్య మాత్రం రేవు దగ్గరే నిలబడ్డాడు. సాయంత్రానికి నీళ్లు ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. పచ్చి ఆకులతో కొమ్మలు కొట్టుకొస్తున్నాయి.

"ఇది ఊళ్లో కురిసిన నీరు కాదు, కొండనీరు. ఆవుల్ని విప్పండి, పిల్లల్ని తీసుకుని మిట్ట మీదకి పొండి" అని కేకేశాడు.

"వాన తగ్గింది కదా బావా" అన్నాడు నాన్న.

"ఇక్కడ తగ్గింది. కొండ మీద తగ్గిందా?"

పెద్దమ్మ ఇంటికి చేరేసరికి చీకటి పడింది. తెల్లారి చూస్తే మా వీధిగదిలో మొలలోతు నీరు. అటక మీద పెట్టిన బియ్యం తప్ప గింజ మిగల్లేదు. మధ్యాహ్నానికి వరద తీసేసింది, ఒండ్రు మాత్రం ఎత్తిపోయడానికి వారం పట్టింది. అదే తుఫానుకి మా జిల్లాలో కొండచరియ విరిగి, గుహలో తలదాచుకున్న జనం చనిపోయారు. మాకు ఇల్లు పోలేదు, మనిషి పోలేదు.

ఆ రోజు రేడియోలో విన్నదంతా గాలి వేగం, అలల ఎత్తు. కొండ మీద ఎంత కురిసిందో ఏటి దిగువ వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. తుఫానంటే సముద్రం ఒడ్డు వాళ్లకే అన్నట్టు మాట్లాడతారు. ఒడిశాలో పడిన వాన ఆంధ్రాలో వరద అవుతుంది, ఆ కబురు సరిహద్దు దాటేలోపు నీళ్లే దాటేస్తాయి. ప్రతి గెడ్డ పైనా వానని కొలిచి, గంటగంటకీ కింద ఊళ్లకి ఫోన్ చేసే ఏర్పాటు ఉండాలి.

స్థలం సంగతికి వస్తే, వేసవిలో వెళ్లి చూడకండి. అప్పుడు చెలమ తవ్వితేగాని నీళ్లు రావు, ఎవరికైనా ధైర్యం వస్తుంది. ఆ వీధిలో ఉన్న ముసలివాళ్లని తిత్లీకి నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చేత్తో చూపించమనండి. మీ పునాది దానికంటే రెండడుగులు పైకి లేపగలిగితేనే బయానా ఇవ్వండి.