రంగులేసిన పాత గుడ్డలకు ఏ జిగురు వాడాలి?

రంగులేసిన గుడ్డల సంరక్షణలో వాడే జిగురుల మీద ప్రాజెక్టు చేస్తున్నాననీ, ఒక్కో పుస్తకం ఒక్కో జిగురు మంచిదంటోందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. నేను చేర్యాల నకాషీ పటాల మీద, అంటే తెలంగాణలోని చేర్యాలలో కథలు చెప్పడానికి గుడ్డ మీద గీసే పొడవాటి బొమ్మల చుట్టల మీద, మూడేళ్లు ఈ పని చేశాను. జిగురు సంగతికి ముందు పటం సంగతి చూడండి.

చేర్యాలలో రంగు నేరుగా గుడ్డ మీద వేయరు. ఖాదీకి గంజి, సుద్ద మట్టి, ఉడికించిన చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, దాని మీద తుమ్మ జిగురు కలిపిన రంగులు వేస్తారు. నీళ్లు తగిలితే పూతా కదులుతుంది, రంగూ కదులుతుంది. ఇది తెలిసి కూడా నేను మొదటి నమూనాకు గోధుమ గంజి కాస్త పల్చగా రాశాను. తెల్లారేసరికి ఆసరాగా వెనక అతికించిన గుడ్డకు ఎరుపు దిగింది. అసలు పటం మీద అలా జరిగి ఉంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు. అందుకే అవే పూతలతో, అవే రంగులతో నమూనాలు మీరే తయారు చేసుకోండి. ఆరాక చుట్టి, విప్పి, పగుళ్లు వచ్చాకే జిగురు పెట్టి చూడండి. కథకులు ఊరూరా చుట్టి మోసుకెళ్లిన పటాలివి, బిరుసెక్కే జిగురు వీటికి పనికిరాదు.

తర్వాత చూడాల్సింది మన ఎండ. మ్యూజియంలలో వాడే యాక్రిలిక్ జిగురు పారలాయిడ్ బి-72 సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. చలిదేశపు మ్యూజియంలో అది సమస్య కాదు, మే నెలలో మన రేకుల గదిలో సమస్యే. లాస్కో 360 అనే మరో యాక్రిలిక్ జిగురు మామూలు రోజుల్లోనే బంకగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది, అందుకే దాన్ని అదే రకంలో అంత బంకలేని లాస్కో 498తో కలిపి వాడతారు. గంజికేమో వానాకాలంలో బూజు భయం.

జిగురు ఇంకితే సుద్దలా పొడిబారిన రంగు తడిసినట్టు నల్లబడుతుంది. రాయకముందు, రాశాక ఒకే వెలుతురులో ఫోటోలు తీసుకోండి.

చెక్కపనికి వాడే తెల్ల జిగురు మాత్రం వద్దు. ఎవరో దానితో అతికించిన పటం ఒకటి నా దగ్గరికి వచ్చింది. అరచేతంత మేర తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది, పూత కొంత దానితోపాటే ఊడొచ్చింది. ఆ ఖాళీ చోటు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

నాకు బాగా కుదిరింది క్లూసెల్ జి, ఆల్కహాల్‌లో కరిగే సెల్యులోజ్ జిగురు. పల్చని పట్టు వల మీద పూసి ఆరనిచ్చి, పటం వెనక పెట్టి, ఆల్కహాల్ ఆవిరితో అతికించాను. అతుకు బలం తక్కువే, కానీ రంగు కదల్లేదు. మీ రంగుల మీద ఆల్కహాల్ ముందు ఒక మూల పరీక్షించండి. నమూనాలను ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా ఉంచి, అప్పుడు ఫలితాలు రాసుకోండి.