పాత పుస్తకాల కొట్టు పెట్టి చదువు నేర్పొచ్చా?

ప్రశ్న: అక్కా, మా పెద్దమ్మ కొడుకు షికాగోలో ఉంటాడు. అక్కడ ఓపెన్ బుక్స్ అని ఒక సంస్థ ఉందంట, జనాలు ఇచ్చేసిన పాత పుస్తకాలు అమ్మి ఆ డబ్బుల్తో పిల్లలకి చదవడం రాయడం నేర్పిస్తారంట, వాలంటీర్లు వచ్చి పనిచేస్తారంట. మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి సప్తగిరి సర్కిల్ పక్కన అట్లాంటిది పెడదామనుకుంటున్నాం. మన ఊర్లో నడుస్తుందా? లేక పుస్తకాలు ఫ్రీగా పంచేస్తే పోతుందా?
- డిగ్రీ ఫైనలియర్ స్టూడెంట్, అనంతపురం

జవాబు: నడుస్తుంది తమ్ముడూ, కాకపోతే షికాగోలో నడిచినట్టు నడవదు. వాళ్లు 2006లో సంస్థ మొదలుపెట్టి 2009లో షాపు తెరిచారు. మన దగ్గర పాత పుస్తకాల షాపుకి వచ్చినోళ్లు ముందు అడిగేది గ్రూప్ టూ మెటీరియల్ ఉందా, డీఎస్సీ ఉందా, ఈఏపీసెట్ బిట్లు ఉన్నాయా అనే. దానికి మొహం చిట్లించుకోవద్దు, మీ అద్దె కట్టేది అవే. కథల పుస్తకాలు వాటి వెనకాల నిదానంగా పోతాయి. సిలబస్ మారిపోయిన గైడ్లు మాత్రం ఎంత కొత్తగా కనిపించినా అమ్మొద్దు, పాత పేపర్ల కింద వేసేయండి, ఒక పిల్లోడు తప్పు సిలబస్ చదివి పరీక్షకి పోయాడంటే మీ షాపు పేరు అక్కడితో సరి.

ఫ్రీగా పంచే పని అసలు పెట్టుకోవద్దు. ఫ్రీ అనగానే సంచులు పట్టుకొని వచ్చేవాళ్లు వేరే, వాళ్లు కేజీల లెక్కన అమ్మేసుకుంటారు. పది రూపాయలైనా రేటు పెట్టండి. చిన్న పిల్లలకి మాత్రం ఒక అర విడిగా ఉంచండి, చదివి తెచ్చిస్తే ఇంకోటి తీసుకుపోవచ్చని చెప్పి.

ఇంక అసలు సంగతి. చదువు రానోళ్లు పుస్తకాల షాపు మెట్టెక్కరు. శాన్ ఫ్రాన్సిస్కోలో 826 వాలెన్సియా అని పిల్లలకి రాయడం నేర్పే సంస్థ ఒకటుంది, 2002లో పెట్టారు, ఆ వీధిలో షాపులే ఉండాలనే రూలు ఉండేసరికి ముందు గదిలో సముద్రపు దొంగల సామాన్లు అమ్మే షాపు పెట్టేసి వెనక క్లాసులు నడిపారు, ఆ వింత షాపు చూద్దామనే పిల్లలు లోపలికొచ్చేవాళ్లు. మనకి దొంగల సామాన్లు ఎందుకు గానీ, ముందు ఒక జెరాక్స్ మిషను పెట్టండి, పక్కనే టేబులేసి "ఫారాలు నింపి పెడతాం" అని బోర్డు రాయండి. పింఛను కాగితం, బ్యాంకు ఫారం, ఆధార్ కరెక్షన్ పట్టుకొని వచ్చి "అన్నా, కొంచెం రాసిపెట్టు" అనేవాళ్లే మీకు కావాల్సినోళ్లు. రాసిపెట్టండి, పేరు దగ్గరికి వచ్చేసరికి పెన్ను వాళ్ల చేతికివ్వండి. అట్లా మొదలవుతుంది.

నలుగురు ఫ్రెండ్స్ అన్నావు, సొసైటీ రిజిస్ట్రేషన్ కి మన రాష్ట్రంలో 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, ఇంకో ముగ్గుర్ని వెతుక్కో, అందులో ఒకరిద్దరు రిటైరైనోళ్లు ఉంటే మంచిది, ఎందుకంటే సెమిస్టర్ పరీక్షలొస్తే మీ బ్యాచ్ మొత్తం మాయమవుతుంది, షాపు తెరిచేవాళ్లు ఎవరు? అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. జెరాక్స్ మీద ఉంటుంది గానీ అంతా కలిపి ఏడాదికి ఇరవై లక్షలు దాటితే కదా రిజిస్ట్రేషన్ గొడవ, ఆ రోజు వచ్చినప్పుడు చూద్దాంలే. డొనేషన్ ఇచ్చేవాళ్లు 80జీ (డొనేషన్ మీద ఇన్కమ్ ట్యాక్స్ మినహాయింపు) ఉందా అని అడుగుతారు, దాని సంగతి ఆడిటర్ దగ్గర కూర్చొని మాట్లాడుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను రిటైర్డ్ టీచర్ని. మా వీధిలో ఇళ్లల్లో పనిచేసుకునే ఆడవాళ్లకి సాయంత్రాలు చదువు చెప్తున్నాను. నాలుగు రోజులు వస్తారు, అ ఆలు దిద్దుతారు, తర్వాత రారు. ఎక్కడ పోతోంది?
- కర్నూలు

జవాబు: అ ఆల దగ్గరే పోతోంది టీచర్ గారూ. పొద్దంతా గిన్నెలు తోమి వచ్చిన మనిషికి అల, వల, తల అని దిద్దిస్తే నిద్రే వస్తుంది. వాళ్లని మాట్లాడనివ్వండి. "ఈరోజు ఏమైంది?" అని అడగండి, ఒకామె "నీళ్లు రాలేదు, ట్యాంకరు కోసం నిలబడినా" అంటుంది కదా, అదే మాట అదే యాసలో బోర్డు మీద రాయండి, "నిలబడ్డాను" అని దిద్దొద్దు. తను అన్న మాటే కాబట్టి అక్షరం రాకపోయినా వాక్యం తెలుసు, అందులోంచి నీ, రా, ట్యా విడగొట్టుకుంటూ పోవచ్చు. తర్వాత వాళ్ల పేరు, ఫోన్లో నంబర్లు, ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల అని బస్సు బోర్డులు, డ్వాక్రా గ్రూపు మినిట్స్ బుక్కు. గ్రూపులో ఎవరో రాసింది చూసి సంతకం పెట్టడం కాదు, ఏం రాశారో చదివి పెట్టాలి.

తమ జీవితమే పాఠంలో కనబడితే ఏమవుతుందో మన నెల్లూరు జిల్లాలో చూశాం. 90ల మొదట్లో దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా మీద పాఠం చదివి, ఇది మన ఇంటి కథే కదా అని సారా కొట్ల మీదికే పోయారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారాని నిషేధించాల్సి వచ్చింది. మీ క్లాసు అంత దూరం పోవాలని ఏం లేదు.

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం కూడా లేదు. ఆదోని, కోసిగి వైపు నుంచి పత్తికి, మిరపకి గుంటూరు వైపు వలస పోతారు కదా, మీ క్లాసులో అట్లాంటి ఇళ్లు ఉంటే ఆ నెలల్లో క్లాసు పెట్టి రాలేదని బాధపడొద్దు, తిరిగొచ్చాక మొదలుపెట్టండి. పదిహేనేళ్లు దాటినవాళ్లకి చదువు నేర్పే కేంద్రం ఉల్లాస్ పథకం వాలంటీర్ల మీదే నడుస్తోంది, మీరూ పేరిచ్చుకోవచ్చు. మీ క్లాసు ఆడవాళ్లు చెప్పిన మాటలన్నీ, వాళ్లు ఒప్పుకుంటేనే, ఏ ఫోర్ పేపర్లు మడతపెట్టి చిన్న పుస్తకంగా జెరాక్స్ తీయించండి, వద్దన్నవాళ్ల పేరు వేయొద్దు. తన మాట ఉన్న పుస్తకాన్ని ఎవరైనా చదవకుండా ఉంటారా?

ప్రశ్న: లైబ్రరీలు ఉన్నాయి, ఇంటి పన్నుతో పాటు సెస్సు కూడా కడుతున్నాం. మళ్లీ ఈ షాపులెందుకు?
- ఏడు రోడ్లు, కడప

జవాబు: కరెక్టే, పన్నులో రూపాయికి 8 పైసలు కడుతున్నాం, కాబట్టి లైబ్రరీలో సాయంత్రం ఒక గది ఇమ్మని గ్రంథాలయ సంస్థని అడిగే హక్కు మనకుంది, అడగండి. షాపు దానికి పోటీ కాదు, లైబ్రరీ దాకా రానివాళ్లని పట్టుకొచ్చేది. కర్నూల్లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయ ఉద్యమం, వయోజన విద్య రెండూ నెత్తినేసుకున్నారు. మీ కడపలోనే బ్రౌన్ దొర 1821లో ఫ్రీ బడులు పెట్టాడు, ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు లైబ్రరీ ఉంది, మీకు దగ్గరే కదా!

ప్రశ్న: హైదరాబాద్ నుంచి పుస్తకాలు పంపుతామంటున్నారు, పార్సిల్ ఖర్చు ఎక్కువ. ఏం చేయాలి?
- ప్రొద్దుటూరు

జవాబు: పోస్టాఫీసులో పుస్తకాలు తక్కువ రేటుకి పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అని 2025 మే 1 నుంచి పెట్టారు. మొదలుపెట్టినప్పుడు 300 గ్రాములకి 20 రూపాయలు, 5 కేజీల దాకా 100, ట్యాక్స్ అదనం. ఇప్పటి రేటు కౌంటర్లో అడగండి. పంపేముందు ఫొటోలు పెట్టమనండి, చిరిగినవీ చెదలు పట్టినవీ అక్కడే ఆపేయొచ్చు. పిల్లల పుస్తకాలు చాలకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఫ్రీగా ఉన్నాయి, ప్రింట్ తీసుకోవచ్చు.