పాత ఇంజన్‌కి చిక్కటి ఆయిల్ పోస్తే ఎక్కువ కాలం మన్నుతుందా?

కారు లక్ష కిలోమీటర్లు దాటింది, మాన్యువల్‌లో ఆయిల్ గ్రేడ్ 5డబ్ల్యూ-30 అని ఉంది, మెకానిక్ మాత్రం "బండి పాతదైంది కదా, 20డబ్ల్యూ-50 పోద్దాం" అంటున్నాడు, ఎవరి మాట వినాలి అనేగా మీ ప్రశ్న. మాన్యువల్ మాటే వినండి.

మెకానిక్ చెప్పేదాంట్లో అసలు నిజం లేదని కాదు. ఆయిల్ చిక్కగా ఉంటే బేరింగుల దగ్గర పొర కాస్త మందంగా నిలుస్తుంది. కాకపోతే ఆ పొర నిలవాలంటే ముందు ఆయిల్ అక్కడిదాకా చేరాలి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ దాదాపు మొత్తం కింద సంప్‌లోనే, అంటే ఇంజన్ అడుగునున్న తొట్టిలోనే ఉంటుంది, పంపు దాన్ని లాగి పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా తోయాలి, చిక్కటిదైతే ఆలస్యమవుతుంది, ఆ కాసేపే పైనుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. డబ్ల్యూ ముందున్న అంకె ఈ చలి సంగతి చెబుతుంది, ఎంత తక్కువైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది. వెనకున్నది ఇంజన్ వేడెక్కాక సంగతి. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గ్రేడ్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి, 50 గ్రేడ్‌కైతే అది 16.3 దగ్గర మొదలవుతుంది. మీరు అనుకున్నదానికంటే పెద్ద తేడానే.

ఇప్పటి ఇంజన్లలో ఇంకో చిక్కుంది. వాల్వ్ టైమింగ్‌ని, అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది, దాని దారులు సన్నగా ఉంటాయి, 5డబ్ల్యూ-30ని లెక్కలో పెట్టుకుని చేసిన దాంట్లో 20డబ్ల్యూ-50 పోస్తే అది స్పందించడం మందగిస్తుంది. మైలేజీ కూడా తగ్గుతుంది.

నా పెట్రోల్ కారు కూడా పాతబడ్డాక ఆయిల్ తాగడం మొదలెట్టింది. దాని మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30తో పాటు 5డబ్ల్యూ-40 కూడా రాసి ఉంది కాబట్టి దానికి మారాను. తాగడం కొంచెం తగ్గింది, ఆగలేదు. ఆయిల్‌ని పైకి రానివ్వకుండా ఆపే పిస్టన్ రింగులు అరిగితే వాటిని ఏ ఆయిలూ బాగుచేయదు మరి! మీ మాన్యువల్‌లోనూ అలా రెండో గ్రేడ్ ఉందేమో చూడండి, ఉంటే ఒక మెట్టు పైకి వెళ్లొచ్చు, అంతకు మించి వద్దు.

గ్రేడ్ కంటే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. బండి సమతలంగా ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి కొన్ని నిమిషాలాగి, స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. మట్టం కింది గీత దాటి పడిపోతే ఎంత మంచి ఆయిలైనా ఒకటే. పోయకుండానే మట్టం పెరిగి పెట్రోల్ వాసన వస్తుంటే ఇంధనం కలుస్తున్నట్టు, వెంటనే చూపించండి. రోజూ దగ్గర దూరాలే తిరిగే బండిలో ఆయిల్ సరిగా వేడెక్కదు, అందులో చేరిన తేమ, ఇంధనం ఆవిరై పోవు, కాబట్టి కిలోమీటర్లు నిండకపోయినా మాన్యువల్‌లో చెప్పిన నెలలు నిండగానే మార్చేయండి.

డబ్బా మీద గ్రేడ్ ఒక్కటే చూసి కొనకండి. ఏపీఐ, ఏసీఈఏ అని ఆయిల్ నాణ్యత ప్రమాణాల కోడ్‌లుంటాయి, అవీ మాన్యువల్‌తో సరిపోవాలి. ముఖ్యంగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండికి బూడిద తక్కువ వదిలే ఆయిలే కావాలి, లేకపోతే గ్రేడ్ సరిగ్గానే ఉన్నా ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది.