మోడలింగ్‌కి లక్షా ఎనభై వేలు కట్టమంటున్నారు, కట్టాలా?

ప్రశ్న: మాది హనుమకొండ, చిన్న కిరాణా షాపు ఉంది. మా అమ్మాయికి 21 ఏళ్లు, బీకాం చివరి ఏడాది. మోడలింగ్‌లోకి వెళ్తానని పట్టు పట్టింది. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ వాళ్లు పోర్ట్‌ఫోలియో (మోడల్ ఫొటోల ఆల్బం), గ్రూమింగ్, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 1.8 లక్షలు అన్నారు. టోకెన్‌గా 10 వేలు ఇచ్చాం. మిగతాది నెలాఖరులోగా కట్టాలట. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని కదపకుండా మా ఆవిడ నగల మీద గోల్డ్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఏమంటారు?

జవాబు: మిగతా 1.7 లక్షలు కట్టకండి. నగలు బీరువాలోనే ఉండనివ్వండి. అమ్మాయిని మాత్రం ఆపకండి.

ఈ రంగంలో డబ్బు ఎటు నుంచి ఎటు వస్తుందో ముందు చూడండి. బట్టల కంపెనీయో నగల షాపో షూట్‌కి డబ్బిస్తుంది. ఏజెన్సీ అందులో 20, 30 శాతం కమిషన్ పట్టుకుని మిగతాది మోడల్‌కి ఇస్తుంది. అంటే మీ అమ్మాయికి పని దొరికితేనే వాళ్లకూ ఆదాయం. ముందే మీ దగ్గర 1.8 లక్షలు తీసుకున్నవాళ్లకు ఆమెకు పని దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. ఆ నెలాఖరు గడువు చూస్తే నాకు అనుమానం ఇంకా పెరుగుతోంది. పనికొస్తుందనుకున్న మోడల్‌ని ఎవరైనా తేదీ పెట్టి వదులుకుంటారా?

మొదట్లో ఖరీదైన పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు. మంచి ఏజెన్సీలు ముందు అడిగేది మేకప్ లేకుండా, పగటి వెలుతురులో, సాదా గోడ ముందు తీసిన ఫొటోలే. ఎదురుగా, పక్క నుంచి, నిలువెత్తుగా తీస్తే చాలు. వీటిని పోలరాయిడ్స్ అంటారు, మీ ఫోన్‌తోనే తీయొచ్చు. వాటికి ఎత్తు, కొలతలు జోడించి నాలుగైదు ఏజెన్సీలకు పంపమనండి. కొత్త ఫొటోగ్రాఫర్లకూ, మేకప్ ఆర్టిస్టులకూ తమ పని చూపించుకోవడానికి ఫొటోలు కావాలి కాబట్టి, కొత్త మోడల్స్‌తో కలిసి, ఒకరికొకరు డబ్బు తీసుకోకుండా టెస్ట్ షూట్లు చేసుకుంటారు. పిలుపులు రావడం మొదలయ్యాక ఫొటోల మీద 30 వేలు పెట్టండి, అంతకంటే వద్దు.

ర్యాంప్ మీద నడిచే అమ్మాయిలకు సాధారణంగా అయిదడుగుల ఎనిమిది అంగుళాలు అడుగుతారు. అంత ఎత్తు లేకపోయినా దారులున్నాయి. చీరల షాపుల కేటలాగులు, నగల యాడ్లు, ఆన్‌లైన్ అమ్మకాల ఫొటోలు, వీటికి ఎత్తుతో పెద్ద పని లేదు. నిలకడగా పని దొరికేదీ ఎక్కువగా ఇక్కడే.

ఇప్పుడు మీ లెక్క. డిగ్రీ అయ్యేదాకా ఇంట్లోనే ఉండి కాస్టింగ్‌లకు, అంటే మోడల్స్‌ని ఎంచుకునే చోట్లకు, వెళ్లి రావచ్చు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రెండు, రెండున్నర గంటలే కదా. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, ఆటోలు, జిమ్, బట్టలు కలిపి నెలకు 18 వేలు అనుకుంటే ఏడాదికి 2.16 లక్షలు. ఫొటోలతో కలిపి రెండున్నర లక్షల లోపు. ఎఫ్‌డీలో అంతవరకు దీనికని విడిగా పెట్టుకోండి. మిగిలిన లక్షన్నర ఇంటి అత్యవసరాలకు, దాని జోలికి పోవద్దు. ఏజెన్సీకి కట్టాలనుకున్న డబ్బుతో ఆమెకు తొమ్మిది నెలలకు పైగా గడుస్తుంది.

గోల్డ్ లోన్ ఎందుకు వద్దంటున్నానంటే, ఇందులో చేతికి డబ్బు రావడం ఆలస్యం. షూట్ అయ్యాక బిల్లు పెడితే రెండు మూడు నెలలు పట్టడం మామూలే. వడ్డీ అన్నాళ్లు ఆగదు. 15 వేల షూట్‌లో 20 శాతం కమిషన్ పోతే మిగిలేది 12 వేలు. ఒకే చోట నుంచి ఏడాదికి 50 వేలు దాటితే ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కూడా కోస్తారు. కొత్త పన్ను విధానంలో ఆదాయం 12 లక్షల లోపు ఉంటే పన్ను పడదు కాబట్టి, రిటర్న్ వేస్తే అది తిరిగొస్తుంది. చాలామంది కొత్తవాళ్లు రిటర్న్ వేయక వదిలేసుకుంటారు. పాన్ లేకపోతే ఇప్పుడే తీయించండి.

కాంట్రాక్ట్‌లో రెండు చోట్ల వేలు పెట్టి చదవమనండి. ఆ ఫొటోలు ఎన్నాళ్లు, ఎక్కడెక్కడ వాడతారన్నది ఒకటి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్నెల్లు వేరు, ఊరూరా హోర్డింగులు వేరు, దానికి రేటు కూడా వేరుగా ఉండాలి. రెండోది, ఒక నగల షాపుకి చేస్తే మరో నగల షాపుకి ఎన్నాళ్లు చేయకూడదంటున్నారో చూడాలి. ఏడాది ఆగాలంటే ఆ ఏడాది ఖరీదు ఫీజులో కనబడాలి. ‘శాశ్వతంగా వాడుకునే హక్కు’ అని ఉంటే సంతకం పెట్టే ముందు లాయర్‌కి చూపించండి.

చదువు ఆపేసి రమ్మంటే మాత్రం ఒప్పుకోకండి. 2020 మిస్ ఇండియా కిరీటం గెలిచిన మన హైదరాబాద్ అమ్మాయి మానస వారణాసి ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేస్తూనే పోటీకి వెళ్లింది.

మీరిచ్చిన 10 వేల సంగతి. రశీదు, వాట్సాప్ మెసేజ్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచండి. సేవ ఏదీ తీసుకోలేదు, డబ్బు వెనక్కి ఇవ్వమని ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో మాట్లాడి వదిలేయొద్దు. వారం చూసి, జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. వాళ్ల ఆఫీసు, కంపెనీ అంతా ఉత్తదేనని తేలితే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబర్. అప్పుడు మాత్రం వారం ఆగొద్దు.