ఫిల్మ్ మీద తీసి టేప్ మీద ముగిస్తున్నారా? నెగటివ్‌ను కట్ చేయించకండి

ప్రశ్న: 16 ఎంఎం ఫిల్మ్ మీద, సెకనుకు 24 ఫ్రేముల వేగంతో ఒక చిన్న సినిమా తీశాం. సౌండ్ విడిగా రికార్డ్ చేశాం. థియేటర్‌లో వేసే ఫిల్మ్ కాపీ, అంటే ప్రింట్, వేయించం, చివరికి వీడియో టేప్ ఒక్కటే కావాలి. నెగటివ్, అంటే కెమెరాలో తీసిన అసలు ఫిల్మ్, ఎడిటింగ్ ప్రకారం కట్ చేయించాలా? కలర్ కరెక్షన్ ఎడిటింగ్‌కి ముందా, తర్వాతా?

జవాబు: నెగటివ్ జోలికి అస్సలు వెళ్లకండి. ప్రింట్ లేనప్పుడు ఆ ఖర్చు దండగ, పైగా ఫిల్మ్ సిమెంట్ అనే జిగురుతో ముక్కల్ని అతికించే చోట పక్క ఫ్రేమ్ కూడా పోతుంది, మళ్లీ తెచ్చుకోలేం.

మీరు అడగలేదు గానీ అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఆ టేప్ పాల్ (PAL) పద్ధతిదా, ఎన్‌టీఎస్‌సీ (NTSC) పద్ధతిదా అన్నది, ఇవి రెండు వేర్వేరు టీవీ ప్రమాణాలు. పాల్ అయితే ఫిల్మ్‌ను 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు కాబట్టి 100 నిమిషాల సినిమా 96 నిమిషాలకు వస్తుంది, గొంతులు కాస్త సన్నబడతాయి, సౌండ్‌ను కూడా అంతే వేగం పెంచి శ్రుతి సరిచేయాలి. ఎన్‌టీఎస్‌సీ అయితే 4 ఫిల్మ్ ఫ్రేముల్ని 5 వీడియో ఫ్రేములుగా పరుస్తారు. ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూడండి, మూడు శుభ్రంగా ఉంటాయి, రెండింటిలో మాత్రం రెండు బొమ్మలు కలిసిపోయి కనిపిస్తాయి, అది లోపం కాదు, కంగారు పడొద్దు. ఇక్కడ ఫిల్మ్ 0.1 శాతం నెమ్మదిగా నడుస్తుంది. సౌండ్‌నూ అంతే తగ్గించకపోతే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. అందుకే సింక్‌ను, అంటే బొమ్మకూ సౌండ్‌కూ పొంతనను, షాట్ మొదట్లో కొట్టే క్లాప్ దగ్గర చూసి ఊరుకోకుండా, అన్నిటికంటే పొడవైన షాట్ చివర్లో పెదాలు చూడండి.

ఇక కలర్ కరెక్షన్ ఎడిటింగ్ తర్వాతే. ముందు మొత్తం నెగటివ్‌ను మామూలు సెట్టింగ్‌తో టెలిసినీ చేయించి, అంటే ఫిల్మ్ నుంచి టేప్ మీదకు ఎక్కించి, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కీ ఇచ్చే గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ నంబరు) బొమ్మ మీద కనిపించే కాపీతో ఆఫ్‌లైన్ ఎడిట్, అంటే చిత్తు ఎడిట్, చేసుకోండి. ఎడిట్ లాక్ అయ్యాక ఈడీఎల్ (ఏ షాట్ ఏ టైమ్‌కోడ్ నుంచి ఎక్కడి వరకు వాడామో చెప్పే జాబితా) ప్రకారం వాడుకున్న షాట్లను మాత్రమే, ముందూ వెనకా కొన్ని ఫ్రేములు అదనంగా కలుపుకుని, నెగటివ్ నుంచి మళ్లీ ఎక్కించి అప్పుడు రంగులు దిద్దించండి. ఉన్న టేప్ మీదే దిద్దితే చవక, నిజమే, కానీ కిటికీలోంచి వచ్చే వెలుగు టేప్ మీద ఒకసారి తెల్లగా మాడిపోతే ఇక దానిలోంచి ఏమీ రాదు, నెగటివ్‌లో మాత్రం ఆ వివరం ఇంకా ఉంటుంది. నా ఓటు రెండోసారి ఎక్కించడానికే.

దీనికి ఒక షరతు ఉంది. మొదటిసారే ప్రతి రోల్ మొదట్లో ఒక ఫ్రేమ్‌కి రంధ్రం పొడిపించి, సరిగ్గా దాని మీద టైమ్‌కోడ్ 01:00:00:00 పెట్టించండి, తర్వాతి రోల్‌కి 02, ఆ పైదానికి 03. ఆ గుర్తు లేకపోతే రెండోసారి టైమ్‌కోడ్ కలవదు, ప్రతి షాట్‌నీ కంటితో వెతుక్కోవాల్సిందే, ఆ టెన్షన్ వద్దు.

అన్ని సౌండ్లనూ కలిపి ఒక మిక్స్‌గా చేసే మిక్సింగ్ స్టూడియో వాళ్లకు మాత్రం, మొదటి ఫ్రేమ్‌కి సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక ఫ్రేమంత బీప్ పెట్టమని చెప్పండి, ఆ మిక్స్‌ను మాస్టర్ టేప్, అంటే చివరి టేప్, మీదకు ఎక్కించేటప్పుడు దాన్ని బట్టే కలుపుతారు.