తలపాగా తర్వాత కొందువుగానీ

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూసి మీ అమ్మ గంటసేపు ఏడ్చింది, నేను పావుగంట నవ్వాను. ఎర్ర కోటు, జరీ తలపాగా, చేతిలో మైకు. వెనకాల బండి మాత్రం లేదు. ఉద్యోగం మానేసి విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) బండి పెడతానంటే నేను వద్దనను. ఇరవై నాలుగేళ్లు ఆ బండి మీదే బతికినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? మీ అమ్మ పెళ్లి ఖర్చులో సగం ఆ గిన్నెలోంచి వచ్చిందే. ఫోన్లో చెబితే నువ్వు ఊఁ కొడుతూ రీల్స్ చూసుకుంటావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. కూర్చుని చదువు.

మా గురువుగారి గురించి నేను చెప్పిన కబుర్లే నీ తలకెక్కాయని నాకు తెలుసు. ఎర్ర తలపాగా, ఈ చివర నుంచి ఆ చివరకి మీసాలు, గిన్నె మీద గరిటెతో టకటకటక. కానిస్టేబుల్ వస్తే ‘బావగారూ’, కాలేజీ కుర్రాడొస్తే ‘కలెక్టరు గారూ’. కారం లెక్కకి రైళ్ల పేర్లు: చప్పగా కావాలంటే కిరండూల్ పాసింజరు, మధ్యస్తంగా గోదావరి, మంట పుట్టాలంటే కోరమాండల్. ‘రెండు గోదావరి, ఒక కోరమాండల్!’ అని ఆయన అరిస్తే జనం నవ్వేవాళ్లు. ఇదంతా నేను నీకు నవ్వుకోడానికే చెప్పాను. చెప్పకుండా వదిలేసింది ఇంకోటుంది.

ఆ రైళ్ల పేర్లు సరదాకి పుట్టలేదు. ఆయన మొదట బండి పెట్టింది రైల్వే క్వార్టర్స్ దగ్గర. సాయంత్రం డ్యూటీ దిగి ఒకేసారి ఇరవై మంది వచ్చి పడేవాళ్లు. ‘కొంచెం కారం తక్కువ, మరీ తక్కువ కాదు, ఉల్లిపాయ వేయండి కానీ...’ అంటూ ఒక్కొక్కరు వివరంగా చెబితే లైను కదలదు. రైలు పేరైతే ఒక్క మాట. పైగా ‘ఆ గళ్ల చొక్కా కోరమాండల్’ అని ఆయనకి గుర్తుండిపోతుంది. తలపాగా చెమట కళ్లలోకి దిగకుండా చుట్టుకున్నది. ఎరుపు ఎందుకంటే నేవీ డే నాడు వేలమంది జనంలో పాత కస్టమరు దూరం నుంచే పోల్చుకోవాలి. గరిటె చప్పుడు పెట్రోమాక్స్ లైటు ఆరిపోయినా బండి ఎక్కడుందో చెప్పేది. ముందు పనిలో ఒక ఇబ్బంది వచ్చింది, దానికోసం ఆ వేషం పుట్టింది. నువ్వు వేషం కొనుక్కుని ఇబ్బంది కోసం ఎదురుచూస్తున్నావు.

నేనూ అదే తప్పు చేశాను. ఆయన దగ్గర చేరిన రెండో నెలలో, ఆయన లేని సాయంత్రం, నోరు ఆయన లాగే వాగుతుందనుకున్నాను. ఒకావిడ భర్తతో వచ్చి కోరమాండల్ అడిగింది. ‘ఇంట్లో మంట చాలట్లేదా అప్పా?’ అన్నాను. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పొట్లం బండి మీద పెట్టి, డబ్బులు కూడా పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు సంగతి తెలిసి గురువుగారు తిట్టలేదు. వారం రోజులు బండి దగ్గర నోరు విప్పొద్దన్నారు. ఏడు రోజులు మూగవాడిలా కలిపాను. అప్పుడు కనపడింది, ఆయన జోకులన్నీ తన మీదా, రైళ్ల మీదా, సముద్రం మీదా వేసుకునేవాడు. ఎదుట నిలబడ్డవాళ్ల మీద ఒక్కటీ లేదు. ఆవిడ మళ్లీ రాలేదు. ఆ పది రూపాయల నోటు ఖర్చు పెట్టడానికి నాకు చాలా రోజులు చేతులు రాలేదు.

సరే, చేతి పనికొద్దాం. నీకు అసలు టెన్షన్ ఉండాల్సింది ఇక్కడే.

బీచ్‌లో నీ శత్రువు పక్క బండివాడు కాదు, గాలి. సాయంత్రం గాలి సముద్రం మీంచి రోడ్డు మీదకి కొడుతుంది. ఆ గాలిలో తేమకి మురీలు అరగంటలో మెత్తబడిపోతాయి. మెత్తబడ్డ మురీలకి ఎంత నిమ్మకాయ పిండినా, ఎన్ని జోకులు వేసినా నోట్లో తడి అట్టముక్క నమిలినట్టే ఉంటుంది. బస్తా కొనేటప్పుడు గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలుపు. చప్పుడు రావాలి. రాకపోతే ధర ఎంత తగ్గించినా తీసుకోకు. బస్తా మొత్తం బండి మీద పెట్టకు. మూత బిగిసే రేకు డబ్బాలో గంటకి సరిపడా పెట్టుకో, మిగతాది కవరులో మూతికట్టి కింద అరలో ఉంచు. గురువుగారు మురీల రాశి మధ్యలో నిప్పుల ముంత పెట్టేవారు. ఆ వేడికి మురీలు కరకరలాడేవి. నువ్వూ పెట్టు, కానీ ముంత కింద ఇటుక ముక్క ఉండాలి, పక్కన నీళ్ల బకెట్ ఉండాలి.

అదే గాలి నీ వీపు మీంచి వచ్చి కస్టమరు మొహం మీద కొడుతుంది. రీల్స్‌లో చూపించినట్టు చెయ్యి పైకెత్తి కారం చల్లావనుకో, లైన్లో మొదటి నలుగురూ కళ్లు పట్టుకుని పరుగెడతారు. గిన్నెని పొట్టకి ఆనించుకుని, లోపలికి వంచి, కారం స్పూను గిన్నె అంచు దిగాకే తిప్పాలి. చూడ్డానికి స్టైల్‌గా ఉండదు. ఉండక్కర్లేదు.

కలిపే వరస ఇది. ముందు మురీలు, దానిమీద వేయించిన పల్లీలు, కారప్పూస. తర్వాత ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా. టమాటాని సగానికి కోసి గింజలూ నీళ్లూ వేలితో తీసేసి తరుగు. ఆ నీళ్లే పొట్లం అడుగున చేరి అంతా ముద్ద చేసేది. ఉప్పూ కారం వేశాక నాలుగు తిప్పులు. నిమ్మకాయ అన్నిటికంటే ఆఖరున, అప్పటికప్పుడు కోసి పిండాలి. మధ్యాహ్నమే సీసాలో పిండి పెట్టుకుంటే పొద్దుగూకేసరికి చేదెక్కుతుంది. నిమ్మరసం పడ్డాక గిన్నె ఇంకో నాలుగైదు సార్లు ఎగరాలి, పొట్లం చేతిలోకి వెళ్లాలి. మాటలు అప్పటిదాకానే. నిమ్మరసం పడ్డాక కబుర్లు పెట్టుకున్నవాడి చేతిలో మిక్చర్ చచ్చిపోతుంది.

ఉల్లిపాయ గురించి ఒక మాట. 2019 చివర్లో కిలో వంద దాటింది. ప్రభుత్వం రైతుబజార్లలో 25 రూపాయలకి ఇచ్చింది గానీ, ఆ క్యూలో నిలబడితే బండి ఎవడు తోస్తాడు? చాలా బండ్ల మీద క్యాబేజీ దిగింది. నేనూ ఒకరోజు కలిపాను, అబద్ధమెందుకు. పాత కస్టమరు ఒకాయన రెండు మెతుకులు నమిలి నా వంక చూశాడంతే. మర్నాడు ఉల్లిపాయ సగానికి తగ్గించి, ‘ఈ వారం ఉల్లిపాయ తక్కువ, దొరగారి ధర పలుకుతోంది’ అని ముందే చెప్పి అమ్మాను. ఎవరూ ఏమీ అనలేదు.

బజ్జీల ఆలోచన మొదటి ఏడాది పెట్టుకోకు. మన టమాటా బజ్జీ మధ్యలో చీల్చి మిక్చర్ కూరి ఇస్తే జనం ఎగబడతారు, నిజమే. కానీ ఆ గాలిలో పొయ్యి నిలవదు, ఇసుక నూనెలో పడుతుంది. నూనె మళ్లీమళ్లీ కాచి వాడితే పాడవుతుంది, దానికి కొలత పెట్టి పట్టుకునే రూల్ కూడా ఉంది. బండికి ఇంటి సిలిండరు పనికిరాదు, 19 కిలోల కమర్షియల్ తీసుకోవాలి. చెయ్యి తిరిగాక చూద్దాం.

ఇక కాగితాలు. నీకు విసుగు, నాకూ విసుగే, అయినా చదువు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. కార్పొరేషన్ వాళ్ల సర్వేలో పేరు రాయించుకుని వెండింగ్ సర్టిఫికెట్ తీసుకో, లామినేషన్ చేయించి బండికి కట్టు. బండి తీయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. సరుకు పట్టుకెళ్తే లిస్టు రాసి చేతికివ్వాలి. పాడైపోయే సరుకైతే నువ్వు అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఇవేవీ తెలియక నేను ఒకసారి త్రాసు, గిన్నె, గొడుగు పోగొట్టుకుని రెండు వారాలు తిరిగాను. గొంతు పెంచకు, లిస్టు అడుగు. తిండి బండి కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కూడా చేయించు. చిన్న వ్యాపారానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పెట్టుబడికి రోజువారీ ఫైనాన్సు వాడి దగ్గరకి మాత్రం వెళ్లకు. పదివేలని రాయించుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతాడు, రోజుకి వంద చొప్పున వందరోజులు వసూలు చేస్తాడు. వర్షం పడి బండి తీయకపోయినా వాడు వస్తాడు. వీధి వ్యాపారులకి కేంద్రం పెట్టిన అప్పు పథకం ఉంది, పీఎం స్వనిధి. దాని కింద బ్యాంకులో అడుగు. 2020లో పెట్టినప్పుడు మొదటి విడత 10,000 ఉండేది, ఇప్పుడు 15,000 చేశారు. టైముకి కడితే తర్వాతి విడత పెద్దది. బండికి, గిన్నెలకి, వారం సరుకుకి ముందది చాలు. కోటు తిరిగిచ్చేస్తే ఇంకొంచెం మిగులుతుంది.

పొట్లాలకి పాత పేపర్లు వాడకు. సిరా తిండికంటుతుందని వద్దంటున్నారు, తెల్ల కాగితం కిలోల లెక్కన దొరుకుతుంది. మా రోజుల్లో ఏ కాగితం దొరికితే దాంట్లో చుట్టేవాళ్లం. ఒకసారి పరీక్ష జవాబు పత్రాల కట్ట వచ్చింది. ఒక మాస్టారు పొట్లం ఖాళీ చేసి విప్పి చదివి, ‘వీడికి రెండు మార్కులు ఎక్కువేశారయ్యా’ అని వెళ్లారు. తినడానికి అట్టముక్కే ఇవ్వు. ప్లాస్టిక్ స్పూన్లు 2022 జులై నుంచి నిషేధం, అయినా మిక్చర్ అట్టముక్కతో తింటేనే రుచి. ఫోన్ పేమెంటుకి బాక్సు పలికిందాకా ఆగు, స్క్రీన్ చూపిస్తే నమ్మకు. అలల హోరులో వినపడదు కాబట్టి బాక్సు నీ చెవి వైపు కట్టుకో.

చోటు విషయంలో తొందరపడకు. 2002లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం తెరిచాక జనమంతా అటు వైపు తిరిగారు. నేనూ బండి అటు తోసుకెళ్లి మూడు నెలలు నష్టపోయాను. అక్కడికి వచ్చేవాళ్లు ఊరు చూసి వెళ్లిపోయేవాళ్లు, రేపు మళ్లీ రారు. కాళీ గుడి వైపు సాయంత్రం నడకకొచ్చేవాళ్లు రోజూ వస్తారు. వాళ్లే అన్నం పెట్టారు. బీచ్ దగ్గర నేవీ విన్యాసాలు జరిగే రోజుకి, శివరాత్రి మర్నాటి సముద్ర స్నానాలకి ఎక్కడ నిలబడ్డా అమ్ముడవుతుంది. ఆ రెండు రోజుల సంపాదన చూసి నెల లెక్క వేసుకోకు.

వానాకాలానికి డబ్బు పక్కన పెట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా బండిని గొలుసుతో చెట్టుకి కట్టి ఇంటికెళ్లాను. మర్నాడు గొలుసు ఉంది, చెట్టు పడి ఉంది, బండి చక్రం ఒకటి రోడ్డుకి అవతల దొరికింది. రెండు నెలలు పని లేదు. అప్పటికి గురువుగారు మంచం మీద ఉన్నారు. చూడ్డానికి వెళ్తే తన గిన్నె నా చేతిలో పెట్టి, ‘కోరమాండల్ లేటుగా నడుచుచున్నది’ అన్నారు, స్టేషన్‌లో అనౌన్స్ చేసినట్టు. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఆ గిన్నె మా అటక మీద ఉంది, నీకే. అంచు దగ్గర ఒక సొట్ట ఉంటుంది, దాన్ని సరిచేయించకు. గరిటె అక్కడ తగిలితేనే ఆ చప్పుడు.

మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. ఆదివారం పొద్దున్న ఆరింటికి పూర్ణా మార్కెట్ దగ్గరకి రా, మురీల బస్తా చూద్దాం. అక్కణ్ణుంచి కూరగాయలకి జ్ఞానాపురం వెళ్దాం. ఖాళీ రేకు డబ్బాలు రెండు తెచ్చుకో. కోటు వేసుకుని మాత్రం రాకు, ధర పెంచేస్తారు.

నీ పెద్దమావయ్య