బాన్యుల్స్ లాంటి పాత తీపి వైన్‌ను ఏ వంటకంతో తాగాలి?

బాన్యుల్స్, మోరీ, రివ్‌సాల్ట్ అనే ఈ వైన్లు దక్షిణ ఫ్రాన్స్‌లో, స్పెయిన్ సరిహద్దు దగ్గరి రూసియోఁ ప్రాంతానివి. ద్రాక్షరసం సగం పులిసినప్పుడే ఘాటైన ద్రాక్ష సారాయి కలిపి పులియడం ఆపేస్తారు. అందుకే పండులోని తీపి మిగిలిపోతుంది, మద్యం శాతం 15 దాటుతుంది. తర్వాత ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో, కొన్నిచోట్ల ఎండలో పెట్టిన పెద్ద గాజు బుడ్లలో, గాలి తగిలేలా ఉంచుతారు. మామూలు వైన్ పాడైపోయే ఈ పద్ధతిలోనే వీటికి అక్రోటు, ఎండు అత్తి, కాఫీ వాసనలు వస్తాయి. బాన్యుల్స్‌లో మేలు రకమైన గ్రాండ్ క్రూ కనీసం 30 నెలలు చెక్కలో ఉండాలి.

ఇక జోడీ. చాలా వైన్లు చాక్లెట్ ముందు తేలిపోతాయి. గ్రెనాష్ అనే నల్ల ద్రాక్షతో చేసిన బాన్యుల్స్, మోరీ మాత్రం నిలబడతాయి. చాక్లెట్ చేదుగా ఉండాలి, పాల చాక్లెట్ వద్దు. తెల్ల ద్రాక్షతో చేసిన అంబర్ రంగు రివ్‌సాల్ట్‌కు బాదం, నారింజ తొక్క వేసిన కేకులు నప్పుతాయి. నన్నడిగితే అన్నిటికంటే రుచి రోక్‌ఫోర్ అనే నీలి బూజు పట్టిన ఉప్పటి చీజ్‌తోనే. వంటకం వైన్‌కంటే తియ్యగా ఉంటే వైన్ పుల్లగా తోస్తుంది. కొద్దిగా చల్లబరచి, చిన్న గ్లాసుల్లో పోయండి.